జానెడు ఎత్తున ప్రథమ చికిత్స

మనిషి ప్రాణం కాపాడటానికి చేతులు అక్కర్లేదు. గోడకు ఒక మేకు ఉంటే చాలు.

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. మా జగ్గయ్యపేటలో ఇప్పుడు అలాంటి మేకులు పద్ధెనిమిది ఉన్నాయి. ఒక్కో మేకుకూ ఒక్కో అద్దాల పటం. పటంలో బెజవాడ నుంచి వచ్చిన దళసరి కాగితం. దాని మీద ఎర్రటి ముద్ర, కింద చదవడానికి వీల్లేని సంతకం. ఫలానా వారు ప్రథమ చికిత్సలో శిక్షణ పొంది, పరీక్షలో ఉత్తీర్ణులైనారని అచ్చు. ఆ పద్ధెనిమిదిలో ఒక మేకు మా ఇంట్లోదే. కాబట్టి ముసలిదాని మాట అని తీసిపారేయకండి. నేను పాసైన మనిషిని.

ఈ సర్టిఫికెట్లు రాకముందు మా పేట ఎంత అనాగరికంగా ఉండేదో చెబుతాను. బజార్లో ఎవరైనా ఎండకు కళ్ళు తిరిగి పడ్డారనుకోండి. ఒకరు ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టేవారు. ఒకరు తాళంచెవుల గుత్తి తెచ్చి చేతిలో కుక్కేవారు. ఇంకొకరు బిందెడు నీళ్ళు నెత్తిన కుమ్మరించేవారు. ఎవరో ముసలమ్మ అరికాళ్ళు రుద్దుతూ, ఎండలో పంపించినందుకు పడ్డవాడి పెళ్ళాన్ని తిట్టేది. పడ్డవాడు లేచి కూర్చునేదాకా ఒక్కరూ కుదురుగా ఉండేవారు కాదు. ఎంత తోపులాట! ఎంత గందరగోళం!

ఇప్పుడో? మనిషి పడగానే అందరూ రెండడుగులు వెనక్కి వేసి గుండ్రంగా నిలబడుతున్నారు.

"సర్టిఫికెట్టున్నవాళ్ళు ఎవరండీ?" అని ఒకరు అడుగుతారు.

"సుబ్బరాయుడు గారికుంది. భోంచేసి నడుం వాల్చారు."

"అయితే లేచాక చెబుదాం."

ఇంత క్రమశిక్షణ మా ఊళ్ళో నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

పైగా దీనివల్ల వ్యాపారాలు బాగుపడ్డాయి. దేవుడి పటాలకు అద్దాలు బిగించే సాంబయ్యకు నెల రోజులు తీరిక లేదు. పురుగుమందుల బసవయ్య తన కొట్టు బోర్డు కింద 'ప్రథమ చికిత్స పాస్' అని ఎర్ర రంగుతో రాయించాడు. మందు వల్ల ఏదైనా జరిగితే విరుగుడు కూడా అక్కడే దొరుకుతుందన్న ధీమాతో కొనే రైతులు పెరిగారట. మా పక్కింటి పుష్పవతి తన సర్టిఫికెట్టును వెంకటేశ్వరస్వామికీ లక్ష్మీదేవికీ మధ్య తగిలించి, ప్రతి శుక్రవారం అద్దానికి పసుపు కుంకుమ పెడుతున్నది. ఇప్పుడు ఆ కాగితంలో ఆమె పేరు కనబడదు. అయినా ఫలం దక్కుతుంది కదా!

తేలు కుట్టిన కేసు ఒకటి చెప్పి ముందుకు పోతాను. కందిచేలో ఒక కూలీ మనిషికి తేలు కుట్టింది. బసవయ్యను పిలిపించారు. ఆయన పుస్తకంలో చెప్పినట్టు ముందుగా "భయపడకు" అన్నాడు. తరవాత పేరు, తండ్రి పేరు, ఊరు, తేలు రంగు, కుట్టిన వేళ అన్నీ అడిగి కాగితం మీద రాసుకున్నాడు. రాసుకోవడం పూర్తయ్యేసరికి విషం దానంతటదే దిగిపోయింది. అదండీ శిక్షణ మహిమ.

ఇక ఈ శిక్షణ మా ఊరికి ఎలా వచ్చిందో చెప్పాలి. చైనా యుద్ధం అయిన తరవాత, బాంబులు పడితే పౌరులు ఏం చెయ్యాలో నేర్పాలని పెద్దవాళ్ళు తలచారు. చైనావాడు ఎక్కడెక్కడో బాంబులు వెయ్యడం మాని పేట సున్నపు బట్టీల మీద ఎందుకు వేస్తాడని ఎవరూ అడగలేదు. వేస్తే మాత్రం మనం తయారుగా ఉండాలి. ఎండాకాలం సెలవుల్లో, హైస్కూలు హాల్లో, ఆరు ఆదివారాలు క్లాసు అన్నారు. బట్టల కొట్టు సుబ్బరాయుడు సంఘానికి కార్యదర్శి అయ్యాడు. బెజవాడ నుంచి వరప్రసాదరావు అనే మాస్టారు వచ్చి నేర్పుతారని కరపత్రాలు పంచారు.

పేరు ఇచ్చినవాళ్ళలో నేను మొదటిదాన్ని. నాకు బాంబుల భయం లేదు. ఉన్నదల్లా బస్సుల భయం.

నాకు రత్తమ్మ అని ఒక చెల్లెలుంది. మా అమ్మ కడుపున పుట్టినవాళ్ళలో మేమిద్దరమే మిగిలాం. తను నందిగామలో ఉంటుంది. నెలకు రెండుసార్లు వచ్చి, నా వంటకు వంకలు పెట్టి, మర్నాడు వెళ్ళిపోతుంది. తను బస్సెక్కిన దగ్గర్నుంచి, ఆ బస్సే తిరిగొచ్చి కండక్టరు "దిగిందమ్మా, చెట్టంత మనిషి, ఎక్కడికి పోద్దీ?" అనేదాకా నాకు ముద్ద దిగదు. 'వెళ్తున్నా' అని తనను అననివ్వను. 'వెళ్ళొస్తా' అనాలి. ఆ మాట మీద నాకు నమ్మకముందని కాదు. ముప్పై ఏళ్ళ కిందట మా వారు కూడా వెళ్ళొస్తాననే అన్నారు.

పెనుగంచిప్రోలు దగ్గర మున్నేరు దాటుతుంటే ఆయన బండి వరదలో కొట్టుకుపోయింది. మనిషిని గట్టుకు లాగారు. అప్పటికి ఒళ్ళింకా వెచ్చగా ఉందన్నారు. ఏం చెయ్యాలో తెలియక యాభైమంది చుట్టూ నిలబడి, నందిగామ నుంచి డాక్టరు వచ్చేదాకా దారి చూశారు. వాళ్ళను నేను తప్పుపట్టను. పాపం, పాసైనవాళ్ళు కారు.

క్లాసు పుస్తకం చేతికి రాగానే, పొట్లం కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్న అలవాటు కొద్దీ మధ్యలో తెరిచాను. 'నీట మునిగినవానికి ఊపిరి పోయుట' అని ఉంది. బోర్లా పడుకోబెట్టాలి. తల ఒక పక్కకు తిప్పాలి. ఒకరు వీపు మీద రెండు అరచేతులూ ఆనించి నొక్కాలి, మరొకరు మోచేతులు పట్టి పైకెత్తాలి. మళ్ళీ నొక్కాలి, మళ్ళీ ఎత్తాలి. అరపేజీ విషయం. మూడుసార్లు చదివాను. ఇంతేనా అనుకున్నాను. ఆ రోజు ఇంక పుస్తకం తెరవలేదు.

కనీసం రత్తమ్మకు ఏదైనా అయితే పేటకూ నందిగామకూ మధ్య పని తెలిసిన చేతులు కొన్ని ఉంటాయి. నేను క్లాసుకు పోయింది ఆ ఆశతోనే. ఆ ఆశ ఎంత చక్కగా నెరవేరిందో ఇక వినండి.

మొదటి ఆదివారం మాస్టారు చొక్కా చేతులు మడిచి, "రోగిగా ఎవరు పడుకుంటారు?" అన్నారు.

బతికున్న మనిషి పదిమంది మధ్య బల్ల మీద శవంలా పడుకోవడమేమిటి? సుబ్బరాయుడు మూఢం ఉందన్నాడు. బసవయ్యకు నడుం నొప్పి వచ్చింది. పుష్పవతి, 'మా అత్తగారు ఒప్పుకోరు' అన్నది. ఆమె అత్తగారు పోయి రెండేళ్ళయింది. నేనా? గోడ మీది బల్లి వైపు చూసి మూడుసార్లు 'కృష్ణ కృష్ణ' అనుకున్నాను.

అప్పుడు బెంచీలు సర్దుతున్న ఆశీర్వాదం కనబడ్డాడు. నలభై ఏళ్ళ మనిషి. హరిజనవాడ నుంచి వచ్చి హైస్కూల్లో పని చేస్తాడు.

"ఆశీర్వాదాన్ని పడుకోబెడదాం. వాళ్ళకు ఇలాంటి పట్టింపులుండవు," అన్నాడు సుబ్బరాయుడు.

ఉన్నాయో లేవో అతణ్ణి ఎవరూ అడగలేదు. అతను తువ్వాలు మడిచి తల కింద పెట్టుకుని బోర్లా పడుకున్నాడు. మాస్టారు వీపు మీద అరచేతులు ఆనించి, తన బరువంతా దించి ఒక్కసారి నొక్కి చూపించారు. ఆశీర్వాదం 'హుఫ్' అన్నాడు. "అదీ! గాలి పోయింది చూశారా? ఇప్పుడు మీరు," అన్నారు.

సుబ్బరాయుడు ముందుకొచ్చాడు. చేతులు చాచాడు. ఆ చేతులు కిందికి దిగాయి, దిగాయి, ఆశీర్వాదం వీపుకు జానెడు ఎత్తున ఆగిపోయాయి. అక్కడే గాలిలో నొక్కాడు. "ఒకటీ, రెండూ, మూడూ" అని గట్టిగా లెక్కపెట్టాడు.

మాస్టారు ఆయన వైపు చూశారు. "ఆనించలేదేమండీ?"

"అభ్యాసంలోనే రోగిని నొప్పిస్తే ఎట్లాగండీ మాస్టారూ? మనది అహింసా దేశం గదా," అన్నాడు సుబ్బరాయుడు.

ఆ జవాబుకు హాలంతా మెచ్చుకుంది. ఇంకో మాట ఎవరూ అనలేదు. ఆ ఇంకో మాట అనడం చట్టరీత్యా నేరం. మేం చట్టాన్ని గౌరవించేవాళ్ళం. మాస్టారికి అయిదు గంటల బస్సు ఉంది. "సరే, ముందు పద్ధతి వంటబట్టనివ్వండి," అన్నారు. ఆరు ఆదివారాలూ ఆయనకు అయిదు గంటల బస్సు ఉంది.

నా చేతుల సంగతి అడుగుతారా? అవీ జానెడు ఎత్తునే ఆగాయి. ఆదివారం తలంటు అయిపోయింది. మళ్ళీ నీళ్ళు పోసుకుంటే ఈ వయసులో జలుబు చేస్తుందని నాకు నేను చెప్పుకున్నాను. పద్ధెనిమిది మందిలో ఒక్కొక్కరూ ఒక్కో మంచి కారణం చెప్పుకునే ఉంటారు.

కట్లు కట్టడం నేర్చుకునే ఆదివారం ఇంకా అందంగా గడిచింది. ముక్కోణం గుడ్డను మేం పైనుంచి ఆశీర్వాదం చేతిలోకి వదిలేవాళ్ళం. మాస్టారు పుస్తకం చదివేవారు. ఆశీర్వాదం తన తలకు తనే కట్టుకుని, తన మోకాలికి తనే చుట్టుకుని, చివర ముడి తనే వేసుకునేవాడు. వేసి, "బానే ఉందాండీ?" అని మమ్మల్ని అడిగేవాడు. మేం చుట్టూ తిరిగి చూసి బాగుందనేవాళ్ళం. ఆ ముడులకు పరీక్షలో నాకు ఇరవైకి పద్ధెనిమిది మార్కులు వచ్చాయి.

పరీక్ష చెయ్యడానికి ఇంకో పెద్దమనిషి వచ్చాడు. గాలిలో మా నొక్కుళ్ళు చూశాడు. పద్ధెనిమిది మందీ ఒకే ఎత్తున, ఒకే తాళంలో, ఎక్కడా తడబడకుండా నొక్కాం. "ఇంత సున్నితమైన బ్యాచ్‌ని నేనెక్కడా చూడలేదు," అని రాసి సంతకం పెట్టాడు. పటాలు వచ్చాయి. మేకులు కొట్టాం.

నందిగామలో కూడా క్లాసు పెట్టారుగాని, అక్కడ పదకొండు మందే పాసయ్యారు. రత్తమ్మ వచ్చినప్పుడు ఆ సంగతి ఎత్తి కాస్త ఏడిపించాను. "మీరు పద్ధెనిమిది మంది ఉన్నారుగా, ఇంక నాకు చావొచ్చినా చావలేను," అన్నది.

కార్తీకం వచ్చింది. సోమవారం పూట పెనుగంచిప్రోలు రేవులో జనం స్నానాలకు దిగుతారు. మా సంఘం అక్కడ ప్రథమ చికిత్స శిబిరం పెట్టాలని తీర్మానించింది. నాలుగు రాటలు పాతి పందిరి వేశారు. పాసైనవాళ్ళమని ఎవరైనా నమ్మకపోతే బాగుండదని, నాలుగు సర్టిఫికెట్లు పటాలతో సహా తెచ్చి రాటలకు వేలాడగట్టారు. చేతులకు తెల్ల గుడ్డ పట్టీలు. మందుల పెట్టె, మడత మంచం, తాగే నీళ్ళ బిందె ఆశీర్వాదం మోసుకొచ్చాడు. బిందె మాత్రం చివర పది గజాలు బసవయ్య మోశాడు.

రత్తమ్మ నందిగామ నుంచి నేరుగా రేవుకు వచ్చింది. తెల్లవారి ఎండ అప్పుడే నీళ్ళ మీద పడుతున్నది. అరిటిదొప్పలో దీపం వదిలింది. నా దీపం కంటే తన దీపం దూరం పోయిందని సంబరపడింది. తరవాత ఇత్తడి చెంబు తీసుకుని, "చెంబు తోముకొస్తా అక్కా," అన్నది.

"అక్కడ ఇసక తవ్వారు, గుంటలుంటాయి. ఇక్కడే తోముకో."

"నీకు బిందెలో కూడా గుంటలే కనపడతయ్యి," అని నవ్వుకుంటూ పక్కకు నడిచింది.

నేను చీర చెంగు పిండుకుని తలెత్తేసరికి చెంబు ఒక్కటే తేలుతున్నది.

నీళ్ళ వైపు చెయ్యి చూపించాను. పందిట్లో నుంచి ముందు దూకింది ఆశీర్వాదం. మందుల పెట్టె భుజాన ఉండగానే దూకాడు, నీళ్ళలోకి దిగాక విసిరేశాడు. రెండుసార్లు మునిగాడు. మూడోసారి రత్తమ్మ జుట్టు పట్టుకుని పైకి తెచ్చాడు. రెక్క పట్టి ఇసక మీదికి లాగి పడుకోబెట్టాడు. అప్పటిదాకా అతను ముట్టుకున్నందుకు ఎవరూ ఏమీ అనలేదు. నీళ్ళలో ఫరవాలేదు కాబోలు.

ఇసక మీదికి రాగానే సుబ్బరాయుడు, "నువ్వు తప్పుకో ఆశీర్వాదం, ఇక మేం చూసుకుంటాం," అన్నాడు. అతను రెండడుగులు వెనక్కి వేశాడు. జనం గుండ్రంగా నిలబడ్డారు.

రోగి ఆడమనిషి గనక పుష్పవతి రంగంలోకి దిగింది. బోర్లా తిప్పాం. తల పక్కకు పెట్టాం. పుష్పవతి రోగి నడుం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. నేను తల దగ్గర కూర్చున్నాను. మోచేతులు ఎత్తడం నా వంతు. సుబ్బరాయుడు పుస్తకం తెరిచి లెక్క మొదలుపెట్టాడు.

ఒకటీ. పుష్పవతి చేతులు కిందికి దిగాయి. రత్తమ్మ వీపుకు జానెడు ఎత్తున ఆగాయి. గాలిని నొక్కాయి.

రెండూ. నేను మోచేతులు ఎత్తాను. నా చేతులూ రత్తమ్మ మోచేతులకు జానెడు పైనే ఉన్నాయి. ఖాళీగా లేచాయి, ఖాళీగా దిగాయి.

నా తోడబుట్టింది. చిన్నప్పుడు నా చంకనే పెరిగింది. దాన్ని ముట్టుకోవడానికి నాకే అభ్యంతరమూ లేదు. అయినా చేతులు నేర్చుకున్న చోటే ఆగాయి. ఆరు ఆదివారాల అభ్యాసం అంటే సామాన్యమా? ఎంత చక్కగా చేస్తున్నారో అని ఎవరో అన్నారు కూడా.

"ఆనించండమ్మా!" అన్న మాట వెనక నుంచి వినబడింది. ఆశీర్వాదం. "చేతులు ఆనించండి. వట్టి గాలిని నొక్కుతున్నారు."

పుష్పవతి ఉలిక్కిపడి చేతులు ఆనించింది. ఆనించి, నా వైపు చూసింది. "ఎంత నొక్కాలి అత్తయ్యగారూ?"

నాకు తెలియదు. బసవయ్యకు తెలియదు. సుబ్బరాయుడు పేజీ తిప్పాడు. "తగుమాత్రపు ఒత్తిడి అని ఉంది."

"తగుమాత్రం అంటే ఎంతండీ?"

"అంటే, ఎక్కువా కాదు, తక్కువా కాదు."

పుష్పవతి వంకాయ లేతదో ముదురుదో చూసినట్టు వేళ్ళతో వత్తింది. రత్తమ్మ పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి.

"నాకు తెలుసండి," అన్నాడు ఆశీర్వాదం. "మొదటి ఆదివారం మాస్టారు నన్ను నొక్కారు గదండి. ఎంతో నా వీపుకు గుర్తుందండి. నన్ను చెయ్యమంటారా?"

"నీకు సర్టిఫికెట్టు లేదు గదా ఆశీర్వాదం," అన్నాడు సుబ్బరాయుడు, చాలా మర్యాదగా.

ఆశీర్వాదం ఆయన్ని చూడలేదు. నన్ను చూశాడు. "అమ్మగారండీ, చెయ్యి వెయ్యమంటారా?"

ఇక్కడ నేను వెంటనే వెయ్యమన్నానని రాసుకుంటే బాగుంటుంది. కాని సుబ్బరాయుడు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేటంతసేపు నేను ఆగాను. నందిగామలో రత్తమ్మ మెట్టినింటివాళ్ళు ఏమంటారో అనుకున్నాను. రేవులో ఎవరెవరు చూస్తున్నారో చూశాను. చూస్తే, చుట్టూ యాభైమంది దాకా నిలబడి ఉన్నారు. ముప్పై ఏళ్ళుగా నేను మనసులో తిట్టుకున్న జనం ఇలాగే నిలబడి ఉంటారు. తేడా ఒక్కటే. ఈసారి ఆ జనంలో నేనూ ఉన్నాను, పాసై.

"వెయ్యి నాయనా," అన్నాను.

అతను నొక్కాడు. మా క్లాసులో ఎన్నడూ చప్పుడు లేదు. ఆ నొక్కుడుకు చప్పుడుంది. "ఎత్తండమ్మా," అన్నాడు. నేను మోచేతులు పట్టుకున్నాను. చల్లగా, బరువుగా ఉన్నాయి. ఎత్తాను. మళ్ళీ నొక్కాడు. లెక్క ఎవరూ పెట్టలేదు. సుబ్బరాయుడు పుస్తకం పట్టుకుని నోరు తెరిచి నిలబడ్డాడు. ఎన్నోసారో తెలియదు, రత్తమ్మ నోట్లోంచి నీళ్ళు భళ్ళున వచ్చాయి. దగ్గింది. ఇంకా నీళ్ళు. ఇంకా దగ్గు. చాలాసేపటికి ఒక కన్ను తెరిచింది.

"చెంబేదే అక్కా?"

నేను ఏడుస్తూ ఉంటే ఆ చెంబు ఎవరో తెచ్చి పక్కన పెట్టారు. అప్పుడు రత్తమ్మకు తన వీపు సంగతి గుర్తొచ్చింది.

"ఎవరయ్యా అది, నా నడుం ఇరగ్గొట్టింది?"

"నేనేనండి, ఆశీర్వాదాన్నండి," అని అతను చేతులు తీసేశాడు.

"తీశావేం? కాస్త ఎడం పక్క నొక్కు. అక్కడ వారం నుంచి పట్టేసింది."

ఇంతవరకూ బాగుంది. తరవాత జరిగింది మరీ బాగుంది. రత్తమ్మ లేచి కూర్చోగానే, జనంలో ఒకావిడ మెల్లగా నా చెవి దగ్గరికి వచ్చి, ఎందుకైనా మంచిది, ఆమెను ఇంకోసారి తలారా ముంచి తీసుకెళ్ళమన్నది. రత్తమ్మ చెవులు మాత్రం మునగలేదు.

"మునిగి చచ్చి వచ్చిందాన్ని మళ్ళీ మునగాలా? ఈసారి నువ్వు మునుగు వదినా. నేను గట్టు మీద కూర్చుని ఒకటీ రెండూ మూడూ అంటాను."

వారం తిరక్కుండా హైస్కూల్లో సభ జరిగింది. 'శిక్షణ పొందిన సభ్యుల పర్యవేక్షణలో ఒక ప్రాణం నిలిచినది' అని సంఘం నివేదికలో రాశారు. పర్యవేక్షణ అంటే దగ్గర నిలబడి చూడడమేగా, అబద్ధమేమీ లేదు. సుబ్బరాయుడికి, పుష్పవతికి, నాకు పూలదండలు వేశారు. ఆశీర్వాదం మేం కూర్చునే కుర్చీలు వేశాడు.

సభ అయ్యాక నేను సుబ్బరాయుణ్ణి పక్కకు పిలిచి, ఆశీర్వాదానికి కూడా ఒక సర్టిఫికెట్టు తెప్పించమన్నాను.

"అట్లా ఎట్లా కుదురుద్ది పిన్నీ? అతను పరీక్ష రాయలా."

"ఆ ముడులన్నీ ఎవరు వేశారు?"

"అది వేరే సంగతి. ఇంకోటి ఆలోచించు. అతను కూడా పాసై మనతో నిలబడితే, వచ్చే బ్యాచ్‌కి రోగిగా ఎవరు పడుకుంటారు?"

ఆ ప్రశ్నను నాతోనే తీసుకెళ్ళాను. ఇంటికొచ్చి ఆలోచించాను. ఆలోచించిన కొద్దీ ఈ సర్టిఫికెట్టు మీద నా గౌరవం పెరిగింది.

చూడండి, ఇదివరకు ఒక మనిషిని దూరంగా నిలబెట్టాలంటే మన నోటితో ఒక పాడు మాట అనాల్సి వచ్చేది. పోలీసు వింటాడేమోనని భయం. పత్రికల్లో రాస్తారేమోనని భయం. ఇప్పుడు ఆ మాటతో పనే లేదు. "నీకు సర్టిఫికెట్టు లేదు గదా" అంటే చాలు. అవే రెండడుగులు, అదే వెనక్కి. వినడానికి ఎంత మర్యాదగా ఉంది! బెజవాడ ముద్ర కూడా ఉంది. ఇంత నాగరికమైన ఉపాయం మన తాతలకు తట్టలేదు, పాపం. వాళ్ళు కర్ర పట్టుకుని అరుచుకుంటూ తిరిగారు.

మా ఇంటి మేకుకున్న పటం మొన్ననే తీసేశాను, ఇప్పుడు దానికి రత్తమ్మ చెంబు వేలాడుతున్నది. ఈసారి వచ్చినప్పుడు తోముకోవడానికి మా పెరట్లో నుయ్యి ఉంది, రేవుకు పోనక్కర్లేదని చెప్పి ఉంచుకున్నాను. వెళ్ళేటప్పుడు బస్సు కిటికీలోంచి "వెళ్తున్నా" అన్నది, కావాలని. "వెళ్ళొస్తా అను" అని బస్సు వెంట నాలుగడుగులు నడిచాను. అనలేదు. కండక్టరు తిరిగొచ్చేదాకా ఆ రోజూ నాకు ముద్ద దిగలేదు. పటం తీసినంత మాత్రాన భయాలు పోవు.

రెండో బ్యాచ్ ఈ ఆదివారం మొదలవుతున్నది. వరప్రసాదరావు మాస్టారికి కార్డు రాయించాను, అయిదు గంటల బస్సు కాకుండా ఏడు గంటల బస్సుకు వెళ్ళమని. సుబ్బరాయుడి ప్రశ్నకు జవాబు కూడా దొరికింది. రోగిగా నేను పడుకుంటాను.

ఈ మాట చెబితే పుష్పవతి చెవులు మూసుకుంది. "అశుభం అత్తయ్యగారూ! ఈ వయసులో శవంలా పడుకుంటానంటారేంటండీ?"

"ఏ వయసులో పడుకోవాలమ్మా మరి?" అన్నాను. అన్నానే గాని, బల్లి వైపు మూడుసార్లు చూసి 'కృష్ణ కృష్ణ' అనుకోవడం మానలేదు.

కాబట్టి కొత్తగా చేరదలచినవారికి నా మనవి. మధ్యాహ్నం మూడింటికి హైస్కూలు హాల్లో, బల్ల మీద నేను బోర్లా పడుకుని ఉంటాను. తల కింద తువ్వాలు ఆశీర్వాదం ఇస్తానన్నాడు. మొదట నొక్కేది అతనే. ఎంత నొక్కాలో నా వీపు గుర్తుపెట్టుకుంటుంది. ఆ తరవాత పాసైనవాళ్ళూ కావలసినవాళ్ళూ వరసగా రండి.

మీ చేతులు జానెడు ఎత్తున ఆగితే నాకు కనబడదు, బోర్లా ఉంటాను గనక. కాని తెలుస్తుంది.